పెయింట్ థిన్నర్ డబ్బాలోంచి పాలపుంత

అమెరికాలో వెస్ట్ వర్జీనియా కొండల నడుమ గ్రీన్ బ్యాంక్ అబ్జర్వేటరీ ఉంది. 100 మీటర్ల రేడియో టెలిస్కోప్ అక్కడిదే. చుట్టూ 13,000 చదరపు మైళ్లలో రేడియో ప్రసారాలపై 1958 నుంచి ఆంక్షలున్నాయి. వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయం ఈ అబ్జర్వేటరీతో కలిసి రూపొందించిన 'డిస్పైరా' శిక్షణలో హైస్కూలు టీచర్లు తమ బడికి సరిపోయే టెలిస్కోప్‌ను స్వయంగా కడతారు. పట్టుకోవలసింది హైడ్రోజన్ పరమాణువు నుంచి వచ్చే 21 సెంటీమీటర్ల తరంగం. దాని పౌనఃపున్యం 1420.4 మెగాహెర్ట్జ్.

మొదటి పని హార్న్, అంటే ఆకాశం వైపు తెరుచుకునే బాకా. ఇళ్ల గోడల్లో వేడి ఆపడానికి వాడే, రేకు అంటించిన ఫోమ్ షీటు తెస్తారు. దాన్ని నాలుగు ట్రెపీజియం పలకలుగా కోసి, రేకు లోపలికి వచ్చేలా నిలబెట్టి, అల్యూమినియం టేపుతో అతుకుతారు. నోరు ముప్పావు మీటరు వెడల్పు వస్తుంది. రేకుకు సూది బెజ్జం పడితే ఇంత పెద్ద తరంగానికి లెక్కలేదు. అంచు పొడవునా సందు మిగిలితే మాత్రం సంకేతం అక్కడే కారిపోతుంది. అందుకే టేపును వేలితో రుద్ది రుద్ది అంటిస్తారు.

బాకా మొదట్లో బిగించేది పైభాగం కోసేసిన గ్యాలన్ పెయింట్ థిన్నర్ డబ్బా. తరంగాన్ని నడిపించే ఇలాంటి లోహపు గొట్టాన్ని వేవ్‌గైడ్ అంటారు. దాని వెడల్పు తరంగంలో సగం, అంటే 10.6 సెంటీమీటర్లు దాటాలి. డబ్బా వెడల్పు సుమారు 16.5. లోపల 5 సెంటీమీటర్ల పైచిలుకు రాగి తీగ నిలబెడతారు. అసలు నేర్పు తీగ ఎక్కడ పెట్టాలో తేల్చడంలో ఉంది. డబ్బాలో తరంగం సాగి దాదాపు 27 సెంటీమీటర్లవుతుంది. అందులో పావు వంతు లెక్కన, అడుగు నుంచి 6.8 సెంటీమీటర్ల దగ్గర రంధ్రం వేయాలి. బయటి తరంగం పొడవుతోనే లెక్కవేసి 5.3 దగ్గర తొలిస్తే సంకేతం పలచబడుతుంది. డ్రిల్లు పట్టే ముందు టీచర్లు ఈ లెక్క కాగితం మీద చేస్తారు. పిల్లలతోనూ అదే చేయించాలి మరి.

తీగను ఆనుకునే యాంప్లిఫయర్ పెడతారు. మధ్యలో పొడుగు కేబుల్ ఉంటే దాని రొద కూడా కలుస్తుంది. తర్వాత ఫిల్టర్, ఆపైన కంప్యూటరుకు తగిలించే చిన్న డిజిటల్ రిసీవర్.  1951 మార్చి 25న హార్వర్డ్‌లో యూయెన్, పర్సెల్ ఇదే తరంగాన్ని మొదటిసారి పట్టింది కూడా బాకాతోనే. దాని చెక్కకు లోపల రాగిరేకు తొడిగారు. ఆ బాకా నేడు గ్రీన్ బ్యాంక్‌లోనే ఉంది.

రిసీవర్ పంపే సంకేతాన్ని కంప్యూటరులో చదివేది గ్నూ రేడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. తెర మీద ఒక్కో గడిని గీతలతో కలుపుతూ పోతే, వచ్చిన సంకేతం పౌనఃపున్యాలుగా విడిపోతుంది. మొదట కనిపించేది రొదే. సగటు తీసే కాలం 100 రెట్లు పెంచితే రొద ఊగిసలాట 10 రెట్లు తగ్గుతుంది. ఓపికను ఇంత నికరంగా కొలిచి చూపే పాఠం సైన్సు తరగతిలో ఇంకొకటి నాకు తట్టడం లేదు.

తర్వాత కొలత సరిచూస్తారు. రొదను ఇక్కడ ఉష్ణోగ్రతగా లెక్కిస్తారు: బాకాను నేలకు తిప్పితే సుమారు 300 కెల్విన్లు, ఖాళీ ఆకాశానికి తిప్పితే సుమారు 10. రెండు రీడింగుల నిష్పత్తి 3 వస్తే, పరికరం సొంత రొద 135 కెల్విన్లని లెక్క తేలుతుంది.

ఇక హంస నక్షత్రరాశి వైపు తిప్పుతారు. గీత మీద ఒకటికి మించి మూపురాలు లేస్తాయి. ఒక్కో మూపురం 1420.4 మెగాహెర్ట్జ్ నుంచి ఎంత పక్కకు జరిగిందో చూసి, సెకనుకు కిలోమీటరు వేగానికి 4.7 కిలోహెర్ట్జ్ చొప్పున ఆ జరుగుడును వేగంగా మారుస్తారు. సూర్యుడి చుట్టూ భూమి పరుగు సెకనుకు 30 కిలోమీటర్లు కాబట్టి దాని పాలు తీసేయాలి. మిగిలిన ఒక్కో మూపురం వెనుక పాలపుంత తాలూకు ఒక్కో భుజం ఉంటుంది.

చివరి పని పాఠం రాయడం. తరంగాలు, డాప్లర్ ప్రభావం, త్రికోణమితి: తమ తరగతికి ఏది అతుకుతుందో టీచరే ఎంచుకుంటారు. బడికి చేరాక ముందు బాకాను భవనం చుట్టూ తిప్పి ఏ లైటు, ఏ కంప్యూటరు రొద చేస్తోందో పిల్లలతో గుర్తింపజేస్తారు. రొద తక్కువున్న మూల చూసి, బాకా నోరు నడినెత్తికి పెట్టి, రాత్రంతా రికార్డింగు వదిలేస్తారు. భూమి తిరిగే కొద్దీ పాలపుంత దానంతటదే బాకా ముందు నుంచి దాటిపోతుంది. మర్నాడు మొదటి పీరియడ్‌కు గీతలు గీయడానికి కావలసిన అంకెలు సిద్ధం.