రంగూను నగరములో మూడు దినములు

బంగాళాఖాతమునకు తూర్పున బర్మా దేశము కలదు. నేడు దానిని మయన్మారు అనుచున్నారు. ఆ దేశములోని నగరములలో మిక్కిలి పెద్దది రంగూను. 1989 నుండి దానికి యాంగోన్ అను పేరు వాడుకలోనికి వచ్చినది. 2005లో రాజధాని నేపిడో అను క్రొత్త నగరమునకు తరలిపోయినను, వర్తకమునకును జనసమ్మర్దమునకును నేటికిని రంగూనే ముఖ్యస్థానము. యాభై లక్షలకు పైగా జనులు అచట నివసించుచున్నారు.

ఒకప్పుడు కళింగాంధ్ర గ్రామములలో ఈ నగరమును 'రంగము' అనెడివారు. 'రంగము పోయినాడు' అనగా పొట్టకూటికై సముద్రము దాటినాడని అర్థము. అట్టి నగరమును సమగ్రముగా ఎరుగుటకు నెలలు చాలవు. అయినను మూడు దినములు శ్రద్ధతో తిరిగినవానికి దాని స్వరూపము కొంత బోధపడును.

మొదటి దినమున యాత్రికుడు తెల్లవారుజాముననే ష్వేడగోన్ పగోడాకు పోవలెను. సింగుత్తరమను గుట్టపై సుమారు 99 మీటర్ల ఎత్తున ఈ బంగారు స్తూపము నిలిచియున్నది. తపస్సు, భల్లికుడు అను వర్తక సోదరులు బుద్ధభగవానుని కేశములను ఎనిమిదింటిని తెచ్చిరనియు, వానిపైననే ఈ స్తూపము వెలసినదనియు బర్మీయుల విశ్వాసము. భక్తులు పాదరక్షలను మెట్లకడనే విడిచి, స్తూపమునకు ప్రదక్షిణము చేయుదురు. చుట్టును వారములకు చెందిన స్థానములు ఎనిమిది కలవు. వారమునకు దినములు ఏడే కదా, స్థానములు ఎనిమిది ఎట్లయినవి? బర్మీయులు బుధవారమును పూర్వాహ్ణము, అపరాహ్ణము అని రెండుగా లెక్కింతురు. ప్రతివాడును తాను పుట్టిన వారపు స్థానమున నిలిచి, అచటి బుద్ధప్రతిమకు నీటితో అభిషేకము చేయును. ఉదయపుటెండ సోకగానే స్తూపమంతయు నిప్పువలె మెరయును.

రెండవ దినమున నగరవీథులను చూడవలెను. 1755లో అలౌంగ్‌పాయ అను రాజు ఈ ఊరిని జయించి, కలహము ముగిసినదను అర్థము వచ్చునట్లు యాంగోన్ అని పేరు పెట్టెను. 1852లో ఆంగ్లేయులు దీనిని ఆక్రమించి, సూలే పగోడాను నడుమనుంచి, చదరంగపు బల్లవలె తిన్నని వీథులను తీర్చిరి. ఆ వీథులలో పగోడా, మసీదు, చర్చి, దేవాలయము కొలది దూరములోననే కనబడును. స్త్రీపురుషులు లుంగీలు ధరింతురు. థనకా అను చెట్టు బెరడును సానపై అరగదీసి, ఆ గంధమును స్త్రీలును పిల్లలును చెక్కిళ్లకు పూసికొందురు. వీథి ప్రక్కల చిన్న పీటలపై కూర్చుండి జనులు తేనీరు త్రాగుచు, చేపల పులుసుతో బియ్యపు సేమియా కలిపిన మొహింగా ఆరగింతురు. నగరమును చుట్టివచ్చు రైలుమార్గము ఒకటి కలదు. దాని పొడవు సుమారు 46 కిలోమీటర్లు. కూరగాయల గంపలతో వచ్చు పల్లెవాసుల జీవనము ఆ మార్గమున ప్రత్యక్షమగును.

మూడవ దినమున నదీతీరమునకు పోవలెను. తెలుగువారికి రంగూనుతో గల సంబంధము తెలియునది ఇచటనే. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ప్రపంచమున బియ్యమును అధికముగా ఎగుమతి చేసిన దేశము బర్మా. ఆ బియ్యపు బస్తాలను మిల్లులనుండి ఓడలకు మోసినవారిలో తెలుగు కూలీలు పెక్కుమంది. కాకినాడ, విశాఖపట్టణము, భీమునిపట్నము రేవులలో ఓడలెక్కి వారు వచ్చిరి. కోరంగి రేవు పేరును బట్టి వారిని 'కోరంగీలు' అని పిలిచెడివారు. మేస్త్రీలు ముందుగా అప్పిచ్చి, పిదప కూలిలో కోసికొనెడివారు. 1931 జనాభా లెక్కలలో ఈ నగరవాసులలో సగముకంటె అధికులు భారతీయులే.

ఆ జీవనము సుఖమైనది కాదు. 1930లో రేవు కూలీలు అధిక వేతనము కోరి సమ్మె చేసిరి. యజమానులు వారికి బదులు బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె తీరగానే ఆ బర్మీయులను తొలగించిరి. దానితో ఇరువర్గముల నడుమ ఘోరమైన కొట్లాట చెలరేగి పెక్కుమంది మరణించిరి. కొట్టినవారును, కొట్టించుకొన్నవారును పేదలే. 1941 డిసెంబరు 23న జపాను విమానములు నగరముపై బాంబులు కురిపించెను. లక్షలకొలది భారతీయులు ఇల్లువాకిళ్లు విడిచి బయలుదేరిరి. ఓడలు దొరకనివారు అరకాను, మణిపురము కొండదారులబట్టి కాలినడకన సాగిరి. ఆకలిచేతను, విషూచిచేతను వేలమంది దారిలోననే కన్నుమూసిరి. 1964లో సైనిక ప్రభుత్వము దుకాణములను జాతీయము చేయగా, మిగిలినవారిలోను పెక్కుమంది తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అను పేట పేరు నేటికిని ఆ కథను గుర్తుచేయుచున్నది. తిరిగిరాక అచటనే నిలిచిన తెలుగు కుటుంబములు ఇప్పటికిని బర్మాలో కలవు.

ఇప్పుడు రేవుమెట్లపై ఆవలి ఒడ్డునకు పోవు పడవలకై జనులు నిరీక్షించుచుందురు. మోసినవారి పేర్లు చెక్కిన శిల ఏదియు ఆ మెట్లపై కనరాదు. ష్వేడగోన్ శిఖరమును చూచి చేతులు మోడ్చువారు, ఈ మెట్లకడ ఒక్క క్షణము నిలిచి, ఆ బస్తాల క్రింద వంగిన భుజములను కూడ తలచుకొనుట న్యాయము. అప్పుడే రంగూనును చూచినట్లగును.