చదువరుల కూటము

ఏప్రిలు నెల కడపటి దినములలో పాఠశాలలు మూయబడును. మధ్యాహ్నపు టెండకు వీథులు నిర్మానుష్యములగును. కాని పట్టణములందలి గ్రంథాలయములు పెక్కింట ఆ దినములలోనే సందడి హెచ్చును. వేసవి శిబిరమను పేర అచ్చట పిల్లలచే కథలు చదివింతురు, చెప్పింతురు, బొమ్మలు వేయింతురు. ఈ పనులలో పైకి మిక్కిలి సులభముగా కనిపించి, నిజమునకు మిక్కిలి కష్టమైనది ఒకటి కలదు. తాను చదివిన పుస్తకమును గూర్చి తన అభిప్రాయమును పదుగురి యెదుట చెప్పుటయే అది.

ఇది మనకు క్రొత్త ఆచారము కాదు. 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయము వెలసినది. 1914లో అచ్చటనే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. ఆ సభను సమకూర్చిన అయ్యంకి వెంకటరమణయ్యగారు తమ జీవితమును గ్రంథాలయములకే ధారపోసిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున కాలువపై పడవలో గ్రంథాలయమును నడపిరి. ఊరు పుస్తకము కడకు రాలేనిచో, పుస్తకమే ఊరి రేవునకు వచ్చెడిది. ఆ కాలమున అక్షరములు వచ్చినవారు కొందఱే. కావున ఒకరు బిగ్గరగా చదువుచుండగా తక్కినవారు చుట్టు కూర్చుండి వినుట పల్లెలలో వాడుక. విన్నవారు ఊరకుందురా? చదువుట ముగియగనే మాట మొదలగును. అక్షరము రానివానికిని అభిప్రాయముండును.

నేటి బాలునకు అక్షరములు వచ్చును. అయినను పుస్తకమెట్లున్నదని అడిగినచో "బాగున్నది" అని కూర్చుండును. ఇంకొకడు మొదటి పుట మొదలు కడపటి పుట వఱకు కథయంతయు ఏకరువు పెట్టును. మొదటివాడు చెప్పినది తీర్పే కాని దానికి కారణము లేదు. రెండవవాడు చెప్పినది కథయే కాని అందు తానెచ్చటను లేడు. కొన్నియెడల ఎక్కువ పుస్తకములు చదివినవారికి బహుమతి యిచ్చుట కలదు. ఉత్సాహము కొఱకు అది మంచిదే కావచ్చును. కాని లెక్కపై దృష్టి నిలిచినవాడు పుటలను త్రిప్పునే గాని, ఒక పుట కడ ఆగడు. ఆగనివానికి చెప్పుటకేమి దొరకును?

ఒక గ్రంథాలయమున చదువరుల కూటము జరుగుచున్నదని ఊహింతము. ఆ దినమునకు పుస్తకము మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము. సుమారు నూఱేండ్ల క్రిందటి నవల. మొగలితుఱ్ఱు నుండి యొక యువకుడు బారిష్టరు చదువునకై ఇంట చెప్పకుండ సీమకు బయలుదేరుట ఇందలి కథ. చెన్నపట్టణమున అతడు తెలియక ఆడువారి టోపీని కొని ధరించిన ఘట్టము తెలుగువారిని నేటికిని నవ్వించుచున్నది.

మొదట లేచిన బాలుడు, "పార్వతీశము వట్టి తెలివితక్కువవాడు. అందుచేతనే ఈ పుస్తకము నాకు నచ్చినది" అనెను. అందఱును నవ్విరి. గ్రంథపాలకుడు, "ఏ పని వలన అట్లు తోచినది?" అని యడిగెను. బాలుడు టోపీ సంగతి చెప్పెను. కారణము పుస్తకములోనే ఉన్నది కావున అది అంగీకరింపదగిన అభిప్రాయమే.

అప్పుడు వెనుక వరుసలో నున్న మఱియొక బాలుడు లేచెను. అతడు ఆ యేడే పల్లె విడిచి పట్టణపు వసతిగృహమున చేరినవాడు. అతని యాసకు తోడివారు కొన్నాళ్లు నవ్వియుండిరి. "అతనికి తెలియకపోవుట నిజమే. కాని టోపీ అమ్మినవానికి తెలియును గదా! వాడేల చెప్పలేదు? పార్వతీశము అన్ని చోట్లను పొరపడెను. ఒక్కచోటను వెనుకకు మరలిపోలేదు. నాకైతే మొదటి వారముననే ఇంటికి పోవలెనని యుండెను" అని కూర్చుండెను. ఈసారి ఎవరును నవ్వలేదు.

ఒక బాలిక లేచి, "ఈ కథను చెప్పుచున్నది ఎవరు? పార్వతీశమే 'నేను' అని చెప్పుచున్నాడు. తన తెలివితక్కువతనమును తానే ఇంత చక్కగా చెప్పగలిగినవాడు, చెప్పునాటికి తెలివితక్కువవాడు కాడు" అనెను. మొదటి బాలుడు పుస్తకమునందుకొని పుటలు త్రిప్పి చూచెను. ఆమె మాట నిజమే. తాను వంద పుటలు చదివియు ఆ "నేను"ను గమనింపలేదు. అయినను అతడు తన పట్టు పూర్తిగా విడువలేదు. "సరియే. కాని టోపీ కడ నవ్వక తప్పదు" అనెను. తప్పదని బాలికయు ఒప్పుకొనెను.

శాస్త్రిగారు స్వయముగా ఎడింబరోలో చదివినవారని గ్రంథపాలకుడు అప్పుడు తెలిపెను. ఈ సంగతి ముందే చెప్పియుండవచ్చును. కాని చెప్పియున్నచో పిల్లలు పుస్తకమును విడిచి రచయిత జీవితమునే పట్టుకొనియుందురు. పెద్దలు ముందుగా పలికిన అభిప్రాయమును పిల్లలు తిరిగి అప్పగించుట కూటములందు తఱచుగా జరుగుచుండును. అట్లు వచ్చిన మాటలు పదియైనను అభిప్రాయము ఒక్కటే.

ఇంతలో ఇంకొక చిక్కు వచ్చినది. "తల్లిదండ్రులకు చెప్పకుండ పోవుట తప్పు కాదా? మనము నవ్వుచు దానిని మఱచుచున్నాము" అని యొక చిన్నది ప్రశ్నించెను. చెప్పియున్నచో పోనిత్తురా యని కొందఱు, పోనీయకున్నను చెప్పవలసినదే యని కొందఱు వాదించిరి. వసతిగృహపు బాలుడు తల్లి పక్షము వహించెను. ఇందుకు పార్వతీశమును మెచ్చినవారే ఆశ్చర్యపడిరి. వేళ మించుచున్నను తీర్పు తేలలేదు. గ్రంథపాలకుడును తేల్చుటకు ప్రయత్నింపలేదు. "ఇల్లు విడుచు ఘట్టమును మఱల చదివి రండు, రేపు అచ్చటనుండియే మొదలు పెట్టుదము" అని మాత్రము చెప్పెను.

గ్రంథాలయమున ఆ పుస్తకపు ప్రతులు రెండే కలవు. ఒకటి అట్ట యూడినది. దానికొఱకును నలుగురు చేతులు చాచిరి.