డ్రాగన్స్ డాగ్మా 2: ఊరు నిండా జనం, స్క్రీన్ మీద తగ్గిన ఫ్రేములు

డ్రాగన్స్ డాగ్మా 2 ఆన్ చేస్తే టైటిల్ స్క్రీన్ మీద '2' అనే అంకె కనిపించదు. 2012 నాటి గేమ్ పేరే ఉంటుంది, అంతే. ఆ అంకె ఎప్పుడు, ఎక్కడ వస్తుందో చెప్తే స్పాయిలర్ అవుతుంది కాబట్టి వదిలేస్తున్నా. కానీ 2016లో పీసీ వెర్షన్ వచ్చినప్పటి నుంచి మొదటి గేమ్ ఆడుతూనే ఉన్న నాలాంటి వాళ్లకి ఆ స్క్రీన్ చూడగానే విషయం అర్థమైపోయింది. పాత కథకి ఇది రెండో భాగం కాదు. అప్పట్లో కుదరని గేమ్‌ని మళ్లీ పునాది నుంచి కట్టుకున్నారన్నమాట.

మొదటి గేమ్ 2012 మే నెలలో పీఎస్3, ఎక్స్‌బాక్స్ 360 మీద వచ్చింది. డైరెక్టర్ హిడెయాకి ఇత్సునో, కంపెనీ క్యాప్‌కామ్. ఆ కన్సోల్స్‌కి ఈ గేమ్ మోయలేని బరువైంది. స్క్రీన్ పైనా కిందా నల్ల పట్టీలు పెట్టారు, అయినా ఫ్రేములు తడబడేవి. 2013లో డార్క్ అరైజెన్ పేరుతో బిట్టర్‌బ్లాక్ దీవిని కలిపి మళ్లీ విడుదల చేశారు. 2016 జనవరిలో అదే పీసీకి వచ్చింది. నా పాత ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ తగ్గించి ఆడినా హాయిగా నడిచింది. ఆ తర్వాత ఎదురుచూపులే. ఒక దశలో ఇత్సునో ముందు డెవిల్ మే క్రై 5, డ్రాగన్స్ డాగ్మా 2 రెండు దారులూ ఉన్నాయి. ఆయన మొదటిది ఎంచుకున్నారు. అది 2019లో వచ్చి పెద్ద హిట్ అయింది కాబట్టి తప్పు పట్టలేం. చివరికి 2022 జూన్‌లో, గేమ్‌కి పదేళ్లు నిండిన సందర్భంగా చేసిన వీడియో ఆఖర్లో, ఆయన వేసుకున్న టీషర్ట్ మీద సీక్వెల్ లోగో కనిపించింది. ప్రకటన అంటే అదే. 2024 మార్చి 22న గేమ్ చేతికొచ్చింది.

కొత్తవాళ్ల కోసం పాన్‌ల గురించి చెప్పాలి. ఈ సిరీస్‌ని మిగతా ఆర్‌పీజీల నుంచి వేరు చేసేది వాళ్లే. మీరు మీ హీరోతో పాటు ఇంకో పాత్రని కూడా తయారుచేస్తారు. ఆ పాత్ర మీ మెయిన్ పాన్. మరో ఇద్దరిని వేరే ప్లేయర్ల దగ్గర నుంచి అద్దెకి తెచ్చుకోవచ్చు. మీ పాన్‌ని కూడా వేరేవాళ్లు అలాగే తీసుకెళ్తారు. పనయ్యాక మీ దగ్గరికి తిరిగొచ్చేటప్పుడు రిఫ్ట్ క్రిస్టల్స్‌తో పాటు అక్కడ చూసినదాన్ని కూడా మోసుకొస్తుంది. ఆన్‌లైన్ గేమే, కానీ మనుషులెవరూ ఒకరికొకరు ఎదురుపడరు. 2012లోనే ఇలాంటి ఆలోచన చేశారంటే నాకిప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

సీక్వెల్‌లో ఈ పాన్‌లు నిజంగా పనికొచ్చేవాళ్లయ్యారు. నేను ఒక క్వెస్ట్‌లో దారి వెతుక్కుంటుంటే, అద్దెకి తెచ్చుకున్న పాన్ తన యజమానితో ఆ చోటు ఇంతకుముందే చూశానని చెప్పి ముందు నడిచింది. మ్యాప్ మీద బాణం గుర్తు చూపించడానికీ, పక్కవాడు "నాకు తెలుసు, రండి" అనడానికీ చాలా తేడా ఉంది కదా! ఎల్ఫ్‌ల ఊరికి వెళ్తే వాళ్ల భాష మనకి అర్థం కాదు. ఆ భాష నేర్చుకున్న పాన్ మన జట్టులో ఉంటే మాత్రం దాని మాటలు మనకి సబ్‌టైటిల్స్‌గా వస్తాయి. లేకపోతే నోరు తెరుచుకుని వినాల్సిందే. ఒక ఊరిలో భాష రాకపోవడాన్ని గేమ్‌లో భాగం చేశారంటే, ప్లేయర్ ఇబ్బంది పడినా ఫర్వాలేదనే ధైర్యం ఉండాలి.

గేమ్ మొత్తం ఆ ధైర్యం మీదే నడుస్తుంది. ఫాస్ట్ ట్రావెల్‌కి ఫెర్రీస్టోన్ అనే ఖరీదైన రాయి కావాలి, అదీ పోర్ట్‌క్రిస్టల్ ఉన్న చోటికే తీసుకెళ్తుంది. లేకపోతే ఎద్దుబండి ఎక్కాలి. బండిలో కునుకు తీస్తే తెల్లారేసరికి ఊరు చేరొచ్చు, లేదా మధ్యలో గోబ్లిన్లు మీద పడొచ్చు. ఒకసారి నేనెక్కిన బండి మీద గ్రిఫిన్ వచ్చి వాలింది. బండి ముక్కలైంది. పొట్లాడుతూ దాని వీపెక్కి పట్టుకుంటే అది నాతో సహా గాల్లోకి లేచి, మ్యాప్‌లో నేనింకా చూడని మూలకి తీసుకెళ్లింది. ఆ రాత్రి చేయాల్సిన క్వెస్ట్ వదిలేసి, ఆ మూల నుంచి బతికి బయటపడటమే పనిగా పెట్టుకున్నా. ప్రయాణం బోర్ కొడుతోందంటే గేమ్ బోర్‌గా తయారైనట్టే అన్నది ఇత్సునో వాదన. ఆ రాత్రి వరకూ అది నాకు గొప్పలు చెప్పుకోవడంలా అనిపించేది.

మరి బాధ ఎక్కడంటే, వెర్న్‌వర్త్ సిటీ గేటు దాటగానే మొదలవుతుంది. అడవిలో సాఫీగా నడిచే గేమ్ సిటీలోకి అడుగుపెట్టగానే బరువెక్కుతుంది. రిలీజ్ రోజుల్లో టాప్ ప్రాసెసర్ల మీద కూడా సిటీలో ఫ్రేమ్ రేట్ బాగా పడిపోయింది. ఇది మన సైట్ చదివేవాళ్లు శ్రద్ధగా చూడాల్సిన పాఠం, కాబట్టి కాస్త వివరంగా చెప్తా.

ఒక ఫ్రేమ్ తయారవ్వాలంటే రెండు పనులు జరగాలి. ముందు సీపీయూ లెక్కలు వేస్తుంది: ఎవరు ఎక్కడున్నారు, ఎటు కదులుతున్నారు, ఎవరికి ఎవరు అడ్డొచ్చారు. ఆ లిస్ట్ అందుకుని జీపీయూ బొమ్మ గీస్తుంది. థియేటర్ ముందు కటౌట్ వేసే పెయింటర్‌ని ఊహించుకోండి. ఏం వేయాలో చెప్పే మనిషి ఆలస్యం చేస్తే, పెయింటర్ ఎంత చురుకైనవాడైనా కుంచె పట్టుకుని కూర్చోవాల్సిందే. 60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ఒక్కో ఫ్రేమ్‌కి దొరికే టైమ్ 16.7 మిల్లీసెకన్లు. 30 ఎఫ్‌పీఎస్‌కి 33.3. సిటీలో కేవలం లెక్కలకే 25 మిల్లీసెకన్లు పట్టాయనుకోండి, మీ దగ్గర ఎంత పెద్ద గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నా 40 ఎఫ్‌పీఎస్ దాటదు.

ఈ గేమ్‌లో లెక్కలెందుకు అంత బరువు? ప్రతి పాత్రకీ విడిగా చాలా సీపీయూ పవర్ వాడుతున్నామని, వాళ్ల భౌతిక ఉనికి చుట్టుపక్కల మీద చూపే ప్రభావాన్ని లెక్కిస్తున్నామని, అందుకే జనం ఎక్కువైన చోట ఫ్రేములు తగ్గొచ్చని క్యాప్‌కామ్ రిలీజ్ టైమ్‌లో వివరణ ఇచ్చింది. దీనికి ఇంజిన్ సంగతి కూడా తోడైంది. 2017లో రెసిడెంట్ ఈవిల్ 7 కోసం మొదట వాడిన ఆర్‌ఈ ఇంజిన్ మీదే ఇది కట్టారు. ఒక పాడుబడ్డ ఇంట్లో నలుగురిని తిప్పడానికీ, ఒక నగరాన్ని నడపడానికీ ఉన్న తేడా ఇక్కడ కళ్లకి కనిపిస్తుంది. స్టీమ్ పేజీలో రికమెండెడ్ అని రాసిన పీసీకి కూడా 30 ఎఫ్‌పీఎస్ అంచనానే ఇచ్చారు. ఆ లైన్ చదివినప్పుడే కాస్త అనుమానం రావాలి.

మీ పీసీలో అడ్డం పడుతోంది ఏదో తెలుసుకోవడానికి ఒక తేలికైన టెస్ట్ ఉంది. మార్కెట్ మధ్యలో నిలబడి రిజల్యూషన్‌ని సగానికి తగ్గించండి. ఫ్రేములు పెరిగితే జీపీయూ చాలడం లేదు. అక్కడే ఆగిపోయి, జీపీయూ వాడకం మాత్రం తగ్గిపోతే సీపీయూ దగ్గర చిక్కుకున్నట్టు. అలాంటప్పుడు డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్‌తో పెద్దగా లాభం ఉండదు, ఎందుకంటే అవి పెయింటర్ పనినే తగ్గిస్తాయి. ఫ్రేమ్ జనరేషన్ కంటికి సాఫీగా చూపిస్తుంది గానీ, బటన్ నొక్కాక వచ్చే స్పందన అంతే ఆలస్యంగా ఉంటుంది. కార్డ్ మార్చి డబ్బులు పోసేముందు ఈ టెస్ట్ చేయండి. పీఎస్5 వాళ్లకి ఇంకో మాట: దాని వీఆర్ఆర్ పనిచేసేది 48 నుంచి పైకి. సిటీలో గేమ్ అంతకంటే కిందికి పడిపోతే టీవీ ఎంత మంచిదైనా చేసేదేం లేదు.

కొందరు ప్లేయర్లు దీనికి ఘోరమైన మందు కనిపెట్టారు. సిటీలో కనిపించినవాళ్లనల్లా చంపేయడం! జనం తగ్గితే లెక్కలు తగ్గుతాయి, ఫ్రేములు పెరుగుతాయి. విని నవ్వుకున్నా, ఆ తర్వాత ఆలోచనలో పడ్డా. నాకు ఈ గేమ్ ఎందుకు నచ్చిందో ఆ కారణాన్నే వాళ్లు చంపుతున్నారు. గ్రిఫిన్ వచ్చి బండి మీద వాలడం, ఆ గొడవలోకి దారిన పోయే సైనికులు వచ్చి చేరడం ఎవరో ముందే రాసిపెట్టిన సీన్లు కావు. ప్రతి ప్రాణికీ విడిగా లెక్కలు నడుస్తుంటేనే అలాంటివి జరుగుతాయి. ఫ్రేములు తినేసేదీ, నన్ను ఆ మూలకి మోసుకెళ్లిందీ ఒకటే. కాబట్టి "ఆప్టిమైజ్ చేయలేదు" అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేవాళ్లతో నేను పూర్తిగా కలవలేను. అలాగని డబ్బు పెట్టి కొన్నవాళ్లు సిటీలో తలనొప్పి భరించాలనీ అనలేను. 2024 సెప్టెంబర్ అప్‌డేట్‌లో సీపీయూ భారం కొంత తగ్గించారు. అంటే కొంతైనా ముందే చేయగలిగిన పనేగా?

నాకు అసలు కోపం తెప్పించింది మాత్రం స్టోర్ పేజీ. గేమ్ విడుదలైన రోజే అక్కడ పోర్ట్‌క్రిస్టల్, చనిపోతే లేపే వేక్‌స్టోన్, రిఫ్ట్ క్రిస్టల్స్, ముఖం మార్చుకునే పుస్తకం విడివిడిగా అమ్మకానికి కనిపించాయి. ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఫాస్ట్ ట్రావెల్‌నే అమ్ముతున్నారని అప్పట్లో గోల జరిగింది, అది తప్పు. ప్రయాణానికి కావాల్సిన ఫెర్రీస్టోన్ స్టోర్‌లో లేదు. అమ్మిన వస్తువులన్నీ ఆడుతూ సంపాదించుకోగలిగినవే. ఇలా అమ్మడం క్యాప్‌కామ్‌కి కొత్త కూడా కాదు. డెవిల్ మే క్రై 5లో రెడ్ ఆర్బ్స్ అమ్మారు, కొత్త రెసిడెంట్ ఈవిల్ 4లో ఆయుధాల అప్‌గ్రేడ్ టికెట్లు అమ్మారు. అక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ మాత్రం అది గేమ్ మూలానికే తగిలింది. ఇబ్బంది పడటంలోనే మజా ఉందని డైరెక్టర్ నమ్మించాలని చూస్తుంటే, ఆ ఇబ్బంది తగ్గించే సరుకుకి పక్కనే కౌంటర్ తెరిచారు. ఇక ఎద్దుబండి ఎక్కిన ప్రతిసారీ "ఇది నా సరదా కోసం పెట్టారా, నాతో కొనిపించడానికా" అని అనుమానం వస్తుంది. నాకు సమాధానం తెలుసు, మొదటి గేమ్‌లో కూడా నడకే ఎక్కువ. కొత్తగా వచ్చినవాడికి అది ఎలా తెలుస్తుంది?

పాత అభిమానిగా చిన్న చిన్న లోట్లు కూడా ఉన్నాయి. మొదటి గేమ్‌లో స్ట్రైడర్ చేతిలో కత్తులూ విల్లూ రెండూ ఉండేవి, ఒక్కో ఆయుధానికి మూడు చొప్పున ఆరు స్కిల్స్ వాడుకునేవాళ్లం. ఇప్పుడు దాన్ని థీఫ్, ఆర్చర్ అని రెండుగా చీల్చి తలా నాలుగు స్కిల్స్ ఇచ్చారు. మిస్టిక్ నైట్ లేడు. హైడ్రా లేదు, దాని తలలు నరికిన రోజులు తలుచుకుంటే దిగులే. మ్యాప్ పాతదానికి నాలుగు రెట్లని చెప్పారు గానీ శత్రువుల రకాలు ఆ లెక్కన పెరగలేదు. ముప్పై గంటలు దాటాక అదే గోబ్లిన్ గుంపు, అదే సారియన్ల గుంపు. వార్‌ఫేరర్ అనే కొత్త క్లాస్‌తో అన్ని ఆయుధాలూ మార్చి మార్చి వాడొచ్చు. కాకపోతే ఆయుధం మార్చడానికే ఒక స్కిల్ స్లాట్ పోతుంది, మిగిలేవి మూడే.

ఇంత చెప్పాక స్ఫింక్స్ గురించి చెప్పకపోతే అన్యాయం. కొండల్లో దాక్కున్న ఈ ప్రాణి పొడుపు కథలు వేస్తుంది. వాటిలో ఒకటి, గేమ్‌లో మీకు మొట్టమొదటి సీకర్స్ టోకెన్ ఎక్కడ దొరికిందో అక్కడికి మళ్లీ వెళ్లమంటుంది. మొత్తం 240 టోకెన్లున్న గేమ్ ఇది! నేను ఆ ప్రశ్న వినేసరికి నలభై గంటలు ఆడేసి ఉన్నా. మ్యాప్ మీద గుర్తు ఉండదు. ప్రతి ప్లేయర్‌కీ ఆ చోటు వేరు కాబట్టి గూగుల్ చేసినా జవాబు దొరకదు. ఇద్దరు ఫ్రెండ్స్‌తో కాల్‌లో ఉండి, నేను మొదటి రోజు ఏ దారిన వెళ్లానో ముగ్గురం కలిసి గుర్తు చేసుకున్నాం. నా ఆటని నేనే తవ్వుకున్నట్టు అనిపించింది. గైడ్ వీడియోల కాలంలో గైడ్‌కి లొంగని ప్రశ్న వేయగలిగారంటే, ఆ టీమ్‌కి ఏం కావాలో బాగా తెలుసు.

ఇత్సునో 2024 ఆగస్టులో క్యాప్‌కామ్ నుంచి బయటికొచ్చేశారు, ముప్పై ఏళ్ల తర్వాత. మూడోది ఎవరైనా తీస్తే అందులో ఎద్దుబండి ఉంటుందో లేదో నాకైతే నమ్మకం లేదు.

కొనాలా అని అడిగేవాళ్లకి: రెండు గేమ్‌ల కథలకీ నేరుగా సంబంధం లేదు, ఏది ముందు ఆడినా పర్లేదు. మామూలు ల్యాప్‌టాప్ ఉంటే డార్క్ అరైజెన్ తీసుకోండి. రెండోదానికి 16 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1070 స్థాయి కార్డ్ కనీసం కావాలి, దానికంటే ముందు మంచి ప్రాసెసర్ కావాలి. స్టీమ్‌లో కొంటే రెండు గంటల్లోపు ఆడి రీఫండ్ అడగొచ్చు కదా అనుకుంటారేమో. ఆ టైమ్‌లో సగం క్యారెక్టర్ క్రియేటర్‌లోనే పోతుంది. ముక్కు, చెవులు తర్వాత దిద్దుకోవచ్చు, రెడీగా ఉన్న ముఖం ఒకటి ఎంచుకుని నేరుగా వెర్న్‌వర్త్‌కి పరిగెత్తండి. మార్కెట్‌లో నిలబడి ఫ్రేములు చూసుకోండి. మీ కళ్లు ఒప్పుకుంటే రీఫండ్ సంగతి మర్చిపోయి, గేటు బయట బండి కోసం ఎదురుచూడండి.