అక్కడ గొడవలట... టూరు ఉంచుకోవాలా, మానుకోవాలా?

2025 సెప్టెంబరు 8న నేపాల్ రాజధాని ఖాట్మండులో కుర్రకారు రోడ్ల మీదికి వచ్చింది. మర్నాటికల్లా ప్రధాని కె.పి. శర్మ ఓలీ రాజీనామా చేశాడు, పార్లమెంటు భవనం తగలబడింది, త్రిభువన్ ఎయిర్‌పోర్టు మూతపడింది. అప్పటికి మన దసరా సెలవులు రెండు వారాల దూరంలో ఉన్నాయి. ముక్తినాథ్‌కనీ పశుపతినాథ్‌కనీ ముందే డబ్బు కట్టేసిన ఇళ్లలో ఇక ఒకటే చర్చ. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ఏం కాదు సార్, రెండు రోజుల్లో అంతా సెట్ అయిపోతుంది" అంటాడు. టీవీ పెడితే మంటలు. ఈ రెంటి నడుమ జహీరాబాద్‌లో కూర్చుని తేల్చుకోవాలి. 2022లో శ్రీలంక, 2024లో బంగ్లాదేశ్, 2025 జులైలో థాయిలాండ్-కంబోడియా సరిహద్దు... దేశం పేరు మారుతుంది కానీ ఇంట్లో వేసుకోవలసిన లెక్క పెద్దగా మారదు.

1. "నాలుగు రోజులు అక్కడే ఇరుక్కుపోతే మనలో ఎవరు తట్టుకోలేరు?" లెక్క ఇక్కణ్నుంచి మొదలుపెట్టండి. అల్లర్లలో టూరిస్టులకు దెబ్బలు తగలడం అరుదు. ఇరుక్కుపోవడం మాత్రం మామూలే. నేపాల్ గొడవల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన యాత్రికులు ఖాట్మండు హోటళ్లలో కొందరు, పోఖరాలో కొందరు, సిమికోట్ లాంటి కొండ ఊళ్లలో కొందరు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆంధ్రప్రదేశ్ మంత్రి నారా లోకేశ్ సచివాలయంలో కూర్చుని ఒక్కొక్క బృందాన్నీ వెతికించారు. వందమందికి పైగా తెలుగువాళ్లతో ప్రత్యేక విమానం సెప్టెంబరు 11న విశాఖలో, తర్వాత తిరుపతిలో దిగింది. మన తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీ తెలంగాణ భవన్‌లో హెల్ప్‌లైన్ పెట్టింది. ప్రభుత్వాలు కదిలాయి, కాదనను. కానీ విమానం వచ్చేదాకా గడిచిన ఆ రెండు మూడు రోజులు ఎవరి మందులు వాళ్లవే, ఎవరి ధైర్యం వాళ్లదే. మీ ఇంట్లో ఆ రోజుల్ని గడపలేని మనిషి ఒక్కరున్నా టూరు వాయిదా వేయండి. మిగతా చిట్కాలు చదవక్కర్లేదు.

2. గొడవ ఏ ఊళ్లోనో పేరు రాసుకోండి. దేశం పేరు చాలదు. మ్యాప్‌లో ఆ ఊరికీ మీ హోటల్‌కీ, హోటల్‌కీ ఎయిర్‌పోర్టుకీ దూరం చూడండి. ఒక్కోసారి రాజధానిలో నాలుగు వీధులు దాటితే అంతా మామూలుగానే ఉంటుంది. ఒక్కోసారి అసలు దారే మూసుకుపోతుంది. 2008 నవంబరు చివర బ్యాంకాక్‌లో ఆందోళనకారులు ఏకంగా సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోనే బైఠాయించారు. బీచుల్లో ఏ గొడవా లేకపోయినా ఇంటికి వచ్చే విమానం లేదు. శ్రీలంకలో 2022లో టూరిస్టుల మీద ఎవరికీ కోపం లేదు, బండిలో పోయడానికి పెట్రోలు లేదు. అందుకని అల్లరి ఎంత పెద్దదన్నది పక్కన పెట్టి ఎయిర్‌పోర్టు, రోడ్డు, పెట్రోలు, ఈ మూడింటి సంగతి ముందు కనుక్కోండి.

3. "బంద్‌లు మనం చూడనివా?" అనే ధీమా వద్దు. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నలభై రెండు రోజులు నడిచింది. ఆర్టీసీ బస్సులు లేకపోయినా జహీరాబాద్ బతికింది. ఎందుకంటే ఎవరు బంద్ చేస్తున్నారో, ఏ రోడ్డు మీద ఆపుతారో, ఎవరిని వదిలేస్తారో మనకు తెలుసు. పరాయి దేశంలో ఊరేగింపు ఎదురైతే ఆ నినాదం ఎవరిదో కూడా అర్థం కాదు.

4. రాయబార కార్యాలయం ప్రకటనను పదం పదం చదవండి. "జాగ్రత్తగా ఉండండి" అంటే ఒకటి, "ప్రయాణాలు వాయిదా వేసుకోండి" అంటే ఇంకొకటి. సెప్టెంబరు 9న మన విదేశాంగ శాఖ నేపాల్ విషయంలో రెండోదే చెప్పింది. పరిస్థితి కుదుటపడేదాకా రావొద్దని, అక్కడున్నవాళ్లు ఉన్న చోటే ఉండి రోడ్ల మీదికి రావొద్దని. అలా చెప్పిన రోజున ఇంట్లో ఇక వాదన అక్కర్లేదు. వాట్సాప్ వీడియోల్ని మాత్రం పక్కన పెట్టండి, ఎప్పటివో ఎక్కడివో తెలియవు. గల్ఫ్ వైపు వెళ్లేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మన వీధిలోనే ఎవరో ఒకరి కొడుకో అల్లుడో అక్కడ పనిచేస్తుంటాడు. ఫోన్ చేసి "బాబూ, పొద్దున డ్యూటీకి మామూలుగానే పోయినవా?" అని అడగండి. ఆ ఒక్క జవాబు గంటసేపు చూసిన టీవీ కంటే నయం.

5. బయటపడే దారులు లెక్కపెట్టండి. నేపాల్‌కు వీసా అక్కర్లేదు, విమానం లేకపోయినా సునౌలీ, రక్సౌల్, రుపైదిహా వంటి చోట్ల నేల మీదుగా ఇటు దాటొచ్చు. రోడ్లు తెరిచి ఉంటేనే అనుకోండి. మాల్దీవులు, బాలి అంటే ఇంటికి రావడానికి విమానం తప్ప ఇంకో దారి లేదు. నడుమ ఇంకో దేశంలో విమానం మారేవాళ్లు ఆ దేశం సంగతి కూడా చూడాలి. 2025 జూన్ 23 రాత్రి ఇరాన్-అమెరికా గొడవ నడుమ ఖతర్ తన గగనతలం కొన్ని గంటలు మూసేస్తే, ఆ గొడవతో ఏ సంబంధమూ లేని ప్రయాణికులు ఎక్కడెక్కడో దిగారు. ఇలాంటి రోజుల్లో నాలుగు వేలు ఎక్కువైనా నేరుగా వెళ్లే విమానమే తీసుకోండి. రెండు విమానాలు తప్పనిసరైతే రెండూ ఒకే టికెట్ మీద ఉండాలి. విడివిడిగా కొంటే, మొదటిది రద్దయినప్పుడు రెండో కంపెనీ మీ మొహం కూడా చూడదు.

6. నేపాలే కదా అని పాస్‌పోర్టు ఇంట్లో వదలకండి. విమానంలో వెళ్లే పెద్దవాళ్లకు పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చెల్లదు (పదిహేనేళ్ల లోపు పిల్లలకూ అరవై అయిదు దాటినవాళ్లకూ మాత్రం మినహాయింపు ఉంది). ఓటరు కార్డుతో వెళ్లడం బాగానే ఉంటుంది. కానీ గొడవలు ముదిరి వేరే దేశం మీదుగా తిరిగి రావలసి వస్తే ఆ కార్డు అక్కడ పనికిరాదు.

ఇంకో మాట, ఇది గ్రూప్ టూర్లలో ఎప్పుడూ ఉండే జబ్బు. టూర్ మేనేజరు అందరి పాస్‌పోర్టులూ ఒక సంచిలో వేసుకుని తిరుగుతాడు. హోటల్‌లో చెకిన్ అవగానే ఎవరిది వాళ్లు తీసేసుకోవాలి. మొహమాటం వద్దు. గుంపు రెండుగా చీలిపోయి మేనేజరు అటువైపు ఉండిపోతే మీ చేతిలో ఏమీ ఉండదు. నకలు ఒకటి పెట్టెలో, ఫొటో ఒకటి ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌లో పెట్టండి. పాస్‌పోర్టు పోతే మన రాయబార కార్యాలయం అత్యవసర ధ్రువపత్రం ఇస్తుంది, దాంతో ఇంటికి మాత్రం రాగలరు.

7. ఇన్సూరెన్స్ చేయించామని నిశ్చింతగా ఉండకండి. చాలా ట్రావెల్ పాలసీల్లో యుద్ధం, అంతర్యుద్ధం, తిరుగుబాటు వంటివి పరిహారం ఇవ్వని జాబితాలో ఉంటాయి. అల్లర్లు, సమ్మెలు కొన్నింటిలో ఉంటాయి, కొన్నింటిలో ఉండవు. గొడవ వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీకి ఆ గొడవ "ముందే తెలిసిన విషయం" కింద పోతుంది. ప్రభుత్వం వద్దన్నాక వెళ్తే మామూలు ఆసుపత్రి ఖర్చుకు కూడా పేచీ పెట్టొచ్చు. ఇక "భయమేసి మానుకున్నాం" అంటే దాదాపు ఎవరూ పైసా ఇవ్వరు. అమ్మేవాడు నోటితో చెప్పేది వినకండి. అల్లర్ల వల్ల విమానం రద్దయితే ఇస్తారా, అదనపు రోజుల హోటల్ ఖర్చు ఇస్తారా, పాలసీ గడువు దాటి ఇరుక్కుంటే పొడిగిస్తారా అని మెయిల్‌లో అడగండి. జవాబు రాతలో రాకపోతే ఆ పాలసీని ఆసుపత్రి ఖర్చుకే అనుకుని కొనుక్కోండి.

8. తొందరపడి మీరే క్యాన్సిల్ నొక్కకండి. మీరు రద్దు చేసుకుంటే కోత మీకు. విమానమే రద్దయితే, మన దేశపు నిబంధనల ప్రకారం పూర్తి డబ్బు వాపసు గానీ వేరే విమానం గానీ ఇవ్వాలి. రాజకీయ గందరగోళం వల్ల రద్దయినప్పుడు అదనంగా నష్టపరిహారం మాత్రం రాదు, దాని కోసం కౌంటరు దగ్గర గొంతు చించుకోనక్కర్లేదు. నేపాల్ గొడవప్పుడు మన విమాన సంస్థలు ఖాట్మండు టికెట్ల తేదీలు మార్చుకునే వీలు కల్పించాయి. అలాంటి ప్రకటన కోసం ఒకటి రెండు రోజులు ఓపిక పట్టినవాడికే లాభం. ఏజెంటు ద్వారా కొన్న టికెట్ అయినా వాపసు ఇప్పించే బాధ్యత ఎయిర్‌లైన్‌దే, "వాళ్లింకా మాకియ్యలేదు" అన్న మాట దగ్గర ఆగిపోకండి. మన దగ్గర చాలామంది యాత్రలకు తెలిసినవాడి చేతిలో నోట్లు పెట్టేసి వస్తారు. రసీదు మీద టూరు నడిపే కంపెనీ పేరు, రద్దు షరతులు ఉండాలి. లేకపోతే ఆ తెలిసినవాడితో చుట్టరికం కూడా చెడుతుంది.

9. తేల్చుకోవడానికి ఒక తేదీ పెట్టుకోండి. టూరు ఉంచాలా మానాలా అన్న మాట రోజూ అన్నం దగ్గర మొదలైతే ఇల్లు నరకమే. ప్రయాణానికి నాలుగైదు రోజుల ముందు ఒక రోజు అనుకుని, అప్పటిదాకా ఎవరూ ఎత్తకూడదని చెప్పండి. నేపాల్‌లో ఓలీ దిగిపోయిన మూడు రోజులకే, సెప్టెంబరు 12న, సుశీలా కార్కి తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు. విమానాలు 10వ తేదీ సాయంత్రానికే మళ్లీ మొదలయ్యాయి. 9న కంగారుపడి వదిలేసుకున్నవాళ్ల కంటే, వారం ఆగి చూసినవాళ్లు నిబ్బరంగా తేల్చుకోగలిగారు. నన్నడిగితే, ఆ అక్టోబరులో పోఖరాకు వెళ్దామనుకున్న కొత్త జంటను వెళ్లమనేదాన్నే. దశైన్ పండగ సీజన్ మీద ఆధారపడి బతికే హోటళ్లు, బండ్లవాళ్లు అక్కడ ఎందరో. డెబ్బై ఏళ్ల నాన్నను ముక్తినాథ్ తీసుకెళ్తానన్న కొడుకును మాత్రం ఆపేదాన్ని. గుడి మూడువేల ఏడువందల మీటర్ల పైన ఉంటుంది. కిందికి రావడానికి జోమ్‌సోమ్ నుంచి చిన్న విమానాలు, అవీ గాలి లేవక ముందు పొద్దుటి పూటే. రోడ్డు ఆగినా విమానం ఆగినా ఆ ఎత్తులో ఊపిరి అందని మనిషితో రాత్రి గడపాలి. స్వామి వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటాడు.

10. మందులు ప్రయాణపు రోజులకు ఇంకో పది రోజులు కలిపి తీసుకోండి. షుగర్, బీపీ బిళ్లలు, ఇన్సులిన్ చేతి సంచిలోనే. డాక్టరు చీటీలో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా రాయించుకోండి, మన బ్రాండ్ పేరు చెప్తే అక్కడి షాపువాడికి తెలియకపోవచ్చు.

11. ఇంటర్నెట్ లేని రోజును ఊహించుకుని సర్దుకోండి. నేపాల్ ప్రభుత్వం సెప్టెంబరు 4న ఇరవై ఆరు సోషల్ మీడియా వేదికలను ఆపేసింది, కుర్రాళ్ల కోపానికి అదీ ఒక కారణం. బంగ్లాదేశ్‌లో 2024 జులై 18 నుంచి రోజుల తరబడి ఇంటర్నెట్టే లేదు. వాట్సాప్ కాల్ ఉంది కదా అనుకున్నవాళ్లు అలాంటప్పుడు ఇంటికి ఒక్క మాట చెప్పలేరు. బయల్దేరేముందే సిమ్‌కు ఇంటర్నేషనల్ రోమింగ్ వేయించుకోండి. రాయబార కార్యాలయం, హోటల్, ఇంటి నంబర్లు కాగితం మీద రాసి ఒక్కొక్కరి జేబులో పెట్టండి. అక్కడి నోట్లు మూడు రోజుల తిండికి సరిపడా ఉంచుకోండి, అల్లర్లలో ముందు మూతపడేవి ఏటీఎంలే. జహీరాబాద్‌లో ఒక్క మనిషినే "సమాచారం నీ దగ్గర" అని నియమించండి. మేనమామ, పెద్దమ్మ, పక్కింటివాళ్లు అందరూ అతణ్నే అడగాలి. లేకపోతే అందరూ కలిసి మీ ఫోన్ చార్జింగ్ తినేస్తారు.

12. పెద్ద హోటల్ అంటే భద్రం అనుకోకండి. ఖాట్మండులో హిల్టన్‌నే తగలబెట్టారు. పార్లమెంటు, మంత్రుల ఇళ్లు, పెద్ద చౌరస్తాలు దగ్గర్లో లేని వీధిలో మామూలు హోటల్ మేలు. అద్దం కిటికీ పక్కన పడుకోకండి. కర్ఫ్యూ ఉంటే కదలకండి, ఎయిర్‌పోర్టుకు పోవాలంటే టికెట్, పాస్‌పోర్టు చూపిస్తే చాలాచోట్ల వదులుతారు, హోటల్ వాళ్లతో ముందే మాట్లాడించండి. ఊరేగింపును ఫోన్‌లో తీయకండి, రీలు అస్సలు పెట్టకండి. రెండు పక్కలవాళ్లకూ మీరు అవతలి మనిషిలాగే కనిపిస్తారు.

13. శంషాబాద్ బయల్దేరే ముందు విమానం ఉందో లేదో ఎయిర్‌లైన్ సైట్‌లోనే చూడండి. అరవై అయిదో నంబరు హైవే మీద వెళ్తూ ఇంకోసారి, ముత్తంగి దగ్గర రింగురోడ్డు ఎక్కే ముందు మరోసారి చూడండి. దిగబెట్టడానికి వచ్చిన డ్రైవరును, మీరు బోర్డింగ్ పాసు తీసుకునేదాకా పంపించకండి.

14. మానుకున్నామని పిల్లలకు చెప్పేటప్పుడు "అక్కడ జనం చంపుకుంటున్నారు" అని భయపెట్టకండి. అక్కడి పిల్లలకూ బడులు మూసేశారని, కుదురుకున్నాక వెళ్దామని చెప్పండి. సెలవు మాత్రం వృథా చేయకండి. బీదర్ మనకు ముప్పై కిలోమీటర్లే. కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా, వెనక్కి వచ్చేటప్పుడు ఝరాసంగంలో కేతకీ సంగమేశ్వరుడు. పొద్దున ఎనిమిదింటికి కదిలితే కోట నీడలో డబ్బా విప్పొచ్చు. ఎండ ముదరకముందే బురుజులు ఎక్కేసి, మదర్సాకు మధ్యాహ్నం వెళ్లండి.