పంట కల్లాల కాంక్రీటులో వ్యర్థ పదార్థాల వినియోగం: కోస్గి ప్రాంతానికి అనువైన పద్ధతులు

నారాయణపేట జిల్లా కోస్గి పరిసరాలలో కంది పంట ప్రధానంగా డిసెంబరు, జనవరి మాసాలలో కల్లానికి చేరుతుంది. మట్టి నేలపై నూర్చిన గింజలో మట్టిపెళ్లలు, రాళ్లు చేరి ధర తగ్గుతుంది కనుక రైతులు కాంక్రీటు కల్లాలను కోరుకుంటున్నారు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం గల కల్లానికి 10 ఘనపు మీటర్ల కాంక్రీటు అవసరం. 1:2:4 నిష్పత్తిలో కలిపితే సుమారు 64 బస్తాల, అనగా 3.2 టన్నుల సిమెంటు పడుతుంది. ఈ కాంక్రీటులో వ్యర్థ పదార్థాలను వాడదలచినప్పుడు అవి సిమెంటుకు బదులుగా పనిచేస్తాయా, కంకర ఇసుకలకు బదులుగా పనిచేస్తాయా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

సిమెంటుకు ప్రత్యామ్నాయం

సున్నపురాయిని కాల్చినప్పుడు ప్రతి 100 కిలోల కాల్షియం కార్బొనేటు నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఇంధనాన్ని కూడా లెక్కిస్తే టన్ను క్లింకరుకు ఇది సుమారు 0.8 టన్ను. కర్బన ఉద్గారాలు ప్రధానంగా తగ్గేది సిమెంటు ఆదా వల్లనే. కృష్ణా నది ఆవలి ఒడ్డున శక్తినగర్‌లో ఉన్న రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల లభించే ఫ్లై యాష్ ఇందుకు అనువైనది. బూడిదలోని సిలికా, సిమెంటు గట్టిపడేటప్పుడు విడుదలయ్యే సున్నంతో కలిసి బంధక పదార్థంగా మారుతుంది. సాధారణ సిమెంటులో 30 శాతాన్ని బూడిదతో భర్తీ చేస్తే పైన చెప్పిన కల్లానికి దాదాపు ఒక టన్ను సిమెంటు ఆదా అవుతుంది. అయితే మార్కెట్లో దొరికే పొజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం బూడిద ముందే ఉంటుంది. దానికి మళ్లీ బూడిద కలపడం బలాన్ని తగ్గిస్తుంది. రైస్ మిల్లుల ఊక బూడిదలోనూ సిలికా అధికమే. కాని అదుపు లేని మంటలో కాలిన బూడిదలో కాలని కర్బనం మిగులుతుంది, సిలికా చురుకుదనం కోల్పోతుంది. పరీక్షించకుండా దానిని వాడరాదు.

కంకర, ఇసుకలకు ప్రత్యామ్నాయం

సమీపంలోని తాండూరులో నాపరాతి ముక్కలు, పాలిషింగ్ బురద గుట్టలుగా పేరుకుంటున్నాయి. ఈ బురద పొలాలలోకి చేరితే నేల రంధ్రాలు మూసుకుపోయి నీరు ఇంకడం తగ్గుతుంది. ఆరిన బురద పొడి కాల్చని సున్నపురాయే కనుక దానంతటది సిమెంటుగా పనిచేయదు, ఇసుక రేణువుల నడుమ ఖాళీలను మాత్రం నింపుతుంది. మెత్తదనం వల్ల నీటి అవసరం పెరుగుతుంది గనుక ఇసుకలో కొద్ది భాగానికే దీనిని పరిమితం చేయాలి. నాపరాతి ముక్కలు పలుచని పలకలుగా చీలుతాయి. వాటి అడుగున నీరు నిలిచి కాంక్రీటు బలహీనపడుతుంది. కాబట్టి వాటిని కల్లం పై పొరలో కాక, అడుగున వేసే పరుపులో వాడటం మేలు.

కూల్చిన కట్టడాల కాంక్రీటును పగులగొట్టి తీసిన కంకరను ఇనుము లేని కాంక్రీటులో 25 శాతం వరకు వాడేందుకు ఐ.ఎస్. 383:2016 ప్రమాణం అనుమతిస్తుంది. ఈ కంకర నీటిని ఎక్కువగా పీల్చుకుంటుంది. కలిపే ముందు దానిని తడిపి ఉంచాలి. ప్లాస్టరు, మట్టి, ఇటుక ముక్కలను ఏరివేయాలి.

క్యూరింగ్

బూడిద కలిపిన కాంక్రీటుకు బలం నిదానంగా వస్తుంది. ఐ.ఎస్. 456:2000 ప్రకారం దానిని కనీసం 10 రోజులు, వీలైతే 14 రోజులు తడిగా ఉంచాలి. బోర్లు అడుగంటే వేసవిలో కల్లం పోసి, నీటి కొరతతో మూడు రోజులకే తడపడం ఆపితే పైపొర పొడిగా రాలిపోతుంది. అప్పుడు ఆదా చేసిన సిమెంటు మరమ్మతులకే ఖర్చవుతుంది. వర్షాలు తగ్గి, బావులలో నీరు ఉండే అక్టోబరు, నవంబరు మాసాలు కల్లం పోయడానికి అనుకూలం. తడి గోనెసంచులు లేదా వరిగడ్డి కప్పితే నీరు ఆదా అవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు ఏ మిశ్రమాన్నైనా సిఫారసు చేసే ముందు 150 మిల్లీమీటర్ల ఘనాలు పోయించి, 7, 28 రోజులకు బలాన్ని పరీక్షింపజేయాలి. బూడిద మిశ్రమాలకు 56 రోజుల పరీక్ష కూడా అవసరం.