త్వగింద్రియం

పాఠ్య పరిచయం

కన్ను, ముక్కు, చెవి, నాలుక, చర్మం అనే అయిదింటిని జ్ఞానేంద్రియాలు అంటారు. వీటిలో మొదటి నాలుగూ శిరస్సులోనే ఉండగా, చర్మం మాత్రం దేహమంతటా వ్యాపించి ఉంది. తెలుగువారి ఇళ్లలో తరతరాలుగా సాగుతున్న చర్మ సంరక్షణ విధానాలను, వాటిలో ఇంద్రియాలు నిర్వహించే పాత్రను, ఇంద్రియాల సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మవచ్చుననే విషయాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

భోగి పండుగనాడు తెల్లవారుజామున పిల్లలకు తలంటు పోయడం తెలుగు ఇళ్లలో ఆచారం. ముందుగా గోరువెచ్చని నువ్వుల నూనెను మాడుకు, ఒంటికి పట్టిస్తారు. అది కొంత ఇంకిన తరువాత సున్నిపిండితో నలుగు పెడతారు. పెసలు, సెనగపప్పు, బియ్యం వంటి వాటిని కాస్త బరకగా విసిరి, అందులో పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు మొదలైనవి చేర్చి సున్నిపిండిని సిద్ధం చేసుకుంటారు. ఆపైన కుంకుడుకాయల రసంతో తల రుద్ది వేడినీళ్లు పోస్తారు. స్నానం ముగిశాక తడిజుట్టుకు సాంబ్రాణి ధూపం వేస్తారు.

ఈ స్నానవిధిలో ప్రతి ఇంద్రియానికీ ఒక పని ఉంది. నూనె వేడి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఇంటి పెద్దలు ముందు తమ ముంజేతిపై ఒక చుక్క వేసుకొని చూస్తారు. నూనె పాతబడి ముక్కిపోయిందా అన్నది ముక్కు చెబుతుంది. పిండి బిడ్డ ఒంటిని గీరుతుందా, మృదువుగా జారుతుందా అన్నది వేళ్లకు తెలుస్తుంది. నలుగుతో చర్మం కందిందేమో కన్ను కనిపెడుతుంది. కుంకుడురసం కళ్లలో పడి బిడ్డ ఏడిస్తే, ఆ ఏడుపు చెవిని చేరగానే నోట్లో ఒక ఉప్పుకల్లు వేస్తారు. మంట కంటిలో, ఉప్పు నాలుకపైన! అయినా ఆ రుచి వల్ల బిడ్డ ధ్యాస కాసేపు మళ్లుతుంది. ఈలోగా చల్లని నీటితో కళ్లు కడుగుతారు. కొలపాత్రలు, ఉష్ణమాపకాలు లేని కాలంలో ఇంద్రియాలే గృహవైద్యానికి కొలమానాలుగా ఉండేవి.

మన ప్రాచీన వైద్యులు ఈ సంబంధాన్ని గుర్తించారు. స్పర్శేంద్రియంలో వాయువు అధికమని, ఆ స్పర్శ చర్మాన్ని ఆశ్రయించి ఉంటుందని, అందువల్ల అభ్యంగం చర్మానికి మిక్కిలి హితమని చరక సంహిత సూత్రస్థానం చెబుతుంది. అంటే నూనెమర్దనను వారు కేవలం పైపూతగా కాక, స్పర్శజ్ఞానానికి చేసే సేవగా కూడా భావించారు.

ఆధునిక శాస్త్రం చర్మాన్ని దేహంలోని అతిపెద్ద అవయవంగా పరిగణిస్తుంది. వయోజనుని చర్మ వైశాల్యం సుమారు 1.5 నుండి 2 చదరపు మీటర్లు ఉంటుంది. పైన ఉండే బాహ్యచర్మం నీరు ఆవిరి కాకుండా, సూక్ష్మజీవులు లోపలికి చొరబడకుండా కాపాడుతుంది. దాని కింది అంతశ్చర్మంలో రక్తనాళాలు, స్వేదగ్రంథులు, నాడుల కొనలు ఉంటాయి. తేలికపాటి తాకిడికి, ఒత్తిడికి, కంపనానికి, వేడికి, చలికి, నొప్పికి వేర్వేరు గ్రాహకాలు స్పందిస్తాయి. వెంట్రుకలు గల చర్మంలో, మెల్లగా నిమిరినప్పుడు మాత్రమే ఎక్కువగా స్పందించే నాడీతంతువులు కూడా ఉన్నాయి. తల్లి చేతి నిమురు బిడ్డకు సుఖాన్ని కలిగించడంలో వాటి పాత్ర ఉంది.

గృహవైద్యంలో వాడే ద్రవ్యాలలో చాలావాటికి శాస్త్రీయమైన కారణాలు ఉన్నాయి. నూనె చర్మంపై పలుచని పొరగా నిలిచి తేమను పట్టి ఉంచుతుంది. కుంకుడుకాయలో సహజంగా ఉండే సపోనిన్లు నీటిలో నురగనిచ్చి జిడ్డును వదలగొడతాయి. గోరింటాకులోని లాసోన్ అనే పదార్థం చర్మంలోని కెరటిన్‌తో కలిసి ఎర్రగా పండుతుంది. వేసవిలో చెమటకాయలు లేచినప్పుడు తాటిముంజల నీటిని రాస్తే ఒంటికి చల్లగా ఉంటుంది. ఆటలమ్మ సోకిన బిడ్డ దురద భరించలేక గోళ్లతో గీరుకోకుండా వేపమండతో మెల్లగా నిమురుతారు. గోరు తగిలితే పొక్కు చితికి మచ్చపడుతుంది. లేత వేపాకు తాకిడి చర్మాన్ని చీల్చకుండానే దురదను మరపిస్తుంది.

ఇటువంటి అనుభవజ్ఞానానికి గల విలువ అంతర్జాతీయంగా కూడా రుజువైంది. గాయాలను మాన్పడానికి పసుపును వాడే విధానంపై 1995లో అమెరికాలో ఒక పేటెంటు మంజూరైంది. భారతదేశపు శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి దానిని సవాలు చేసి, ఈ వాడుక భారతీయులకు ఎంతో కాలంగా తెలిసినదేనని పూర్వరచనల ఆధారంగా నిరూపించింది. ఫలితంగా 1997లో ఆ పేటెంటు రద్దయింది.

అయితే ప్రకృతి ఇచ్చినదంతా చర్మానికి మేలు చేస్తుందనుకోవడం పొరపాటు. బట్టలు ఉతికేవారు గుర్తులు పెట్టడానికి వాడే నల్లజీడి రసం చెట్టు నుండి వచ్చినదే; కాని ఒంటికి తగిలితే బొబ్బలెక్కిస్తుంది. బావంచాలలో సొరాలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మంపై సూర్యకాంతి ప్రభావాన్ని ఎక్కువ చేస్తుంది. ఆ గుణం వల్లనే బొల్లి చికిత్సలో బావంచాలకు స్థానం లభించింది. ఆ గుణం వల్లనే, మోతాదు మించినా, ఎండలో ఎక్కువసేపు నిలిచినా చర్మం కాలినట్లు కములుతుంది. నల్లగా పండుతుందని చెప్పి అమ్మే కొన్ని గోరింటలలో జుట్టుకు వేసే రంగులోని రసాయనాన్ని కలుపుతారు. దానివల్ల కొందరికి తీవ్రమైన దద్దుర్లు, పొక్కులు వస్తాయి. కాబట్టి కొత్త ద్రవ్యం దేనినైనా ముందు ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి, ఒకటి రెండు రోజులు గమనించిన తరువాతే వాడుకోవాలి.

ఇంద్రియాలు కూడా ఒక్కొక్కసారి మోసపోతాయి. పుదీనా జాతి మొక్కల నుండి తీసే మెంథాల్‌ను రాసుకోగానే చల్లగా అనిపిస్తుంది. నిజానికి అక్కడ ఉష్ణోగ్రత ఏమంత తగ్గదు. చలిని తెలిపే గ్రాహకాన్నే మెంథాల్ ప్రేరేపిస్తుంది. మిరపకాయలు తుంచిన చేతులు మండడానికి కారణం కూడా ఇటువంటిదే. మిరపలోని కాప్సైసిన్, వేడిని తెలిపే గ్రాహకాన్ని తాకుతుంది. నిప్పు లేకుండానే కాలుతున్నట్లు మెదడుకు వార్త అందుతుంది. ఈ కాప్సైసిన్ సహాయంతోనే డేవిడ్ జూలియస్ ఆ గ్రాహకాన్ని కనుగొన్నారు. ఆర్డెమ్ పటపూటియన్ ఒత్తిడిని తెలిపే గ్రాహకాలను కనుగొన్నారు. వీరిద్దరికీ 2021లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చల్లగా అనిపించినంత మాత్రాన వ్యాధి తగ్గిందని, మండినంత మాత్రాన మందు పనిచేస్తున్నదని తలచరాదని వీరి పరిశోధనలను బట్టి గ్రహించవచ్చు. ఉపశమనం వేరు, స్వస్థత వేరు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది ఇంద్రియం మూగబోవడం. ఒంటిపై ఒకచోట చర్మం రంగు తగ్గి మచ్చగా కనిపిస్తుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. బాధ లేదు కనుక ఎవరూ పట్టించుకోరు. కొందరు నెలల తరబడి ఆకుపసర్లు రాస్తూ కాలం గడుపుతారు. కాని దూదితో తాకినా, గుండుసూది మొనతో తాకినా ఆ మచ్చలో తెలియకపోతే అది కుష్ఠువ్యాధి లక్షణం. ఈ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే వైద్యుడు ఆర్మవర్ హాన్సెన్ కనుగొన్నారు. అది చర్మానికి, నాడులకు సోకి స్పర్శజ్ఞానాన్ని హరిస్తుంది. ఇక్కడ బాధ లేకపోవడమే హెచ్చరిక.

ఈ వ్యాధి చికిత్స చరిత్రలో ప్రకృతి ఔషధానికి కూడా చోటుంది. ఆయుర్వేదంలో తువరకమనే పేరుగల వృక్షజాతి గింజల నూనెను పూర్వం నుండి వాడేవారు. నిజామాబాదు సమీపంలోని డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠురోగుల కోసం ఆసుపత్రిని ప్రారంభించారు. అక్కడ కూడా ఈ నూనెను సూదిమందుగా ఇచ్చేవారు. మరొక మందు లేని ఆ రోజుల్లో అదే రోగులకు ఆశగా నిలిచింది. 1940ల నుండి సల్ఫోన్ జాతి మందులు వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించాయి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసింది. నేడు ఈ మందులను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తున్నారు. వ్యాధి తీవ్రతను బట్టి 6 నుండి 12 నెలలు క్రమం తప్పక వాడితే వ్యాధి నయమవుతుంది. ఆలస్యమైతే సూక్ష్మజీవి నశించినా, దెబ్బతిన్న నాడి పూర్తిగా కోలుకోకపోవచ్చు. గృహవైద్యంతో గడిపిన నెలలకు రోగి చెల్లించవలసిన మూల్యం ఇది.

స్పర్శ కోల్పోయిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వేడినీరు కాల్చినా తెలియదు. మధుమేహం వల్ల నాడులు దెబ్బతిన్నవారి స్థితి కూడా ఇంతే. అందువల్ల అటువంటివారు ప్రతిరోజూ పాదాలను వెలుతురులో పరిశీలించుకోవాలని వైద్యులు చెబుతారు. అరికాలు కనిపించకపోతే అద్దం సహాయం తీసుకోవచ్చు. ఇక్కడ కన్ను చర్మానికి బదులు పనిచేయాలి. కుష్ఠువ్యాధి వల్ల పాదాలలో చెమట పట్టక చర్మం ఎండి పగిలినవారికి వైద్యులు సూచించే జాగ్రత్త మరొకటి ఉంది. రోజూ కొంతసేపు పాదాలను మామూలు నీటిలో నానబెట్టి, గరుకైన చర్మాన్ని మెల్లగా రుద్ది, తడి ఆరకముందే నూనె రాసుకోవాలి.

భోగినాటి అభ్యంగంలోని నీరు, నూనె, చేతి స్పర్శ ఇక్కడ మళ్లీ ఉపకరిస్తున్నాయి. ఆధునిక ఔషధం వ్యాధిని నయం చేస్తుంది. ఇంట లభించే నూనె చర్మాన్ని కాపాడుతుంది. దేనికి ఏది తగినదో తెలుసుకోవడమే వివేకం. బిడ్డకు నలుగు పెట్టే చేయి ఒంటి మీద కొత్తమచ్చను గుర్తించగలిగితే, గుర్తించిన వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోగలిగితే, ఆ నలుగు నిజంగా చర్మ సంరక్షణ అవుతుంది.

కఠిన పదాలు - అర్థాలు

త్వగింద్రియం = చర్మమనే జ్ఞానేంద్రియం
అభ్యంగం = ఒంటికి నూనె పట్టించడం, తలంటు
హితం = మేలు చేసేది
గ్రాహకం = బయటి మార్పును గ్రహించి నాడులకు తెలిపే భాగం
నాడీతంతువు = నాడిలోని సన్నని పోగు
ఉపశమనం = బాధ తాత్కాలికంగా తగ్గడం
స్వస్థత = పూర్తి ఆరోగ్యం
మూల్యం = వెల

అభ్యాసం

అ) కింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు రాయండి.

1. తెలుగువారి స్నానవిధిలో పంచేంద్రియాల పాత్రను వివరించండి.
2. గృహవైద్యం వల్ల కలిగే మేలును, దాని పరిమితులను ఉదాహరణలతో తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో సమాధానాలు రాయండి.

1. అభ్యంగాన్ని గురించి చరక సంహిత ఏమి చెబుతుంది?
2. మెంథాల్ చల్లగా, కాప్సైసిన్ వేడిగా అనిపించడానికి కారణమేమి?
3. పసుపుపై మంజూరైన పేటెంటు ఎందుకు రద్దయింది?

ఇ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. "ఉపశమనం వేరు, స్వస్థత వేరు."
2. "ఇక్కడ బాధ లేకపోవడమే హెచ్చరిక."
3. "ఇక్కడ కన్ను చర్మానికి బదులు పనిచేయాలి."

ఈ) ప్రాజెక్టు పని

మీ ఇంట్లోని పెద్దలను అడిగి, చర్మ సంరక్షణకు వారు వాడే ద్రవ్యాల పట్టికను తయారుచేయండి. ప్రతి ద్రవ్యం ఎదుట దాని ప్రయోజనాన్ని, వాడకంలో తీసుకోవలసిన జాగ్రత్తను రాయండి.