డబ్బా సరే, కొట్టే కర్ర ఏది?

ఉద్దానంలో జీడిపిక్కలు ఏరే రోజుల్లో రైతు తెలతెలవారుతుండగానే తోటకు పోవాలి. జీడిపండు, పనసపండు కోసం రాత్రి వచ్చిన ఎలుగుబంటి ఆ వేళకు ఇంకా పొదలోనే ఉండవచ్చు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఎలుగు దాడిలో ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగు కూడా చచ్చింది.

ఎలుగు ఎక్కువగా మీద పడేది మనిషి హఠాత్తుగా దగ్గర పడినప్పుడే. పిల్లలున్న తల్లి అయితే మరీ ప్రమాదం. మన రాక ముందే తెలిస్తే చాలాసార్లు అదే తప్పుకుంటుంది. ఇందుకు ఒక రేకు డబ్బా, ఒక కర్ర చాలు. కాని చాలామంది డబ్బా చూసుకుంటారు గాని కర్ర చూసుకోరు. పచ్చికొమ్మ విరిచి కొడితే డబ్బా మూలుగుతుందే తప్ప మోగదు.

కర్రను బట్టే మోత

అమెరికాలో అడవి టర్కీ కోళ్లను పిలవడానికి పలక మీద కర్రపుల్ల రాస్తారు. పలక అదే అయినా పుల్ల మారితే కూత మారిపోతుంది. మనకు కావలసింది పిలవడం కాదు, తప్పించడం. సూత్రం మాత్రం ఒకటే: గట్టి, ఎండిన కర్ర ఖణేల్‌మని మోగిస్తుంది. మెత్తని, తడి కర్ర మోతను మింగేస్తుంది.

ఏ కర్ర ఎలా ఉంటుంది?

సరుగుడు: మన తీరంలో కావలసినంత దొరుకుతుంది. గట్టిది, బరువైనది. డబ్బాకు ఇదే మేలు. ఎండేటప్పుడు చీలే గుణం ఉంది.

చింత చేవ, తాటి చేవ: ఇవీ మంచివే. తాటిలో పైనున్న నల్లని భాగమే తీసుకోవాలి. పీచు చేతికి గుచ్చుకోకుండా నున్నగా చెక్కాలి.

కొబ్బరి: మానులో బయటి గట్టి భాగం పనికొస్తుంది. లోపలి గుజ్జు భాగం పనికిరాదు.

జీడి, మునగ: మెత్తన. వాడవద్దు.

ఇనుప చువ్వ: మోత పెద్దదే కాని రేకు చిల్లులు పడుతుంది. సముద్రపు గాలికి తుప్పు పడుతుంది.

తయారీ

బొటనవేలంత లావు, అడుగు పొడవున్న సరుగుడు కర్ర కోయాలి. కోసిన రెండు కొసలకు వెంటనే మైనం గాని రంగు గాని పూయాలి. అలా చేస్తే చీలికలు తగ్గుతాయి. ఎండలో పెట్టకుండా నీడన మూడు నాలుగు వారాలు ఆరనివ్వాలి. రెండు కర్రలు ఒకదానితో ఒకటి తట్టి చూడండి. టక్కుమంటే ఆరినట్టు, బొద్దుగా పలికితే ఇంకా తడి ఉన్నట్టు.

డబ్బాను చేత్తో పొదివి పట్టుకోకూడదు, మోత చచ్చిపోతుంది. తాడుతో వేలాడదీసి పట్టుకుని అంచు దగ్గర కొట్టాలి.

గాలికి మోగే డబ్బా

చిలకలు, కాకుల బెడద ఉన్నచోట డబ్బాను బోర్లించి కొమ్మకు కట్టండి. లోపల గంట నాలుకలా సరుగుడు ముక్క వేలాడదీయండి. ముక్క అంచుకు తగిలేలా తాడు పొడవు సరిచూసుకోవాలి. కింద ఒక అట్టముక్క కడితే సముద్రపు గాలికి అదే ఊగుతుంది. పిట్టలు మోతకు అలవాటు పడతాయి కాబట్టి రెండు మూడు రోజులకోసారి చోటు మార్చాలి.

జాగ్రత్తలు

తోట మొదట్లోనే ఆగి కాసేపు మోగించి, విని, అప్పుడు లోపలికి పోవాలి. ఒంటరిగా పోరాదు. ఎలుగు కనబడితే డబ్బా కొడుతూ దాని మీదికి పోవద్దు. దానికి దారి వదలాలి. పరుగెత్తకుండా నెమ్మదిగా వెనక్కి తగ్గాలి. కరెంటు తీగలు, నాటుబాంబులు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా వాటికి బలయ్యేది మన పశువులు, మన పిల్లలే. జంతువు తిష్ఠ వేస్తే అటవీ శాఖ వారికి కబురు చేయాలి.

కర్రకు ఖర్చు లేదు. ఈ వారమే ఒకటి కోసి నీడన పెట్టండి. పిక్కలు రాలే వేళకు అది మోగడానికి సిద్ధంగా ఉంటుంది.